మొదటి ఆట ఊళ్లోనే పడాలి

మా అమ్మమ్మగారిది శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం. వానలు వెనకపట్టేసరికి ఆ ఊరి చింతచెట్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఆ ఐదారు నెలలూ ఊరంతా చేపల నీచువాసన. చెట్టు కింద నడిస్తే నెత్తిమీద సున్నం చల్లినట్టు రెట్ట పడుతుంది. రాత్రి పడుకుంటే పైన కొంగల ముక్కులు టకటకా కొట్టుకుంటూనే ఉంటాయి. సంక్రాంతి సెలవులకి వెళ్లిన పిల్లలం అరుగు మీద గోల చేస్తే అమ్మమ్మ ఒకటే మాట అనేది. "ఆడపిల్లలు పురిటికొచ్చి పడుకున్నారు, నెమ్మదిగా ఆడుకోండి." దీపావళికి ఆ చెట్ల కింద టపాకాయ కాల్చనిచ్చేది కాదు.

ఒక ఏడాది గాలికి గూడబాతు పిల్ల ఒకటి పెరట్లో పడింది. ఒంటినిండా తెల్లటి నూగు, ముక్కు కింద సంచి ఇంకా సాగలేదు, తోలు ముడతలు పడి వేలాడుతోంది. అమ్మమ్మ దాని మీద గంప బోర్లించి, గంప మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది, కుక్కలు రాకుండా. మావయ్య చెరువుకి వెళ్లి గుప్పెడు చిన్న చేపలు తెచ్చాడు. అది నోరు తెరిస్తే ఆ గొంతులోకి నా చెయ్యి మోచేతి దాకా పోయేలా ఉంది. భయపడి చేప దూరంనుంచి విసిరాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, దాని నోటి దగ్గరకి తీసుకెళ్లి, "ఇలా పెట్టాలి, విసరకూడదు, తిండి కదా" అంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ పక్షుల మీద సినిమా తియ్యడానికి కొందరు వచ్చారు. నాలుగు రోజులు మా డాబా మీదే కెమెరా. అమ్మమ్మ వాళ్లకి టీలు, భోజనాలు పెట్టింది. రెండో రోజు వాళ్లలో ఒకాయన కిందికి దిగి, దండెం మీద ఆరేసిన చీరలు ఫ్రేములో పడుతున్నాయి, తీసేయమని అడిగాడు. తీసేసింది. ఆ నాలుగు రోజులూ తడిబట్టలు ఇంట్లో మంచాల మీద ఆరేసుకుంది. చాలా ఏళ్ల తర్వాత ఆ సినిమా నాకు ఫోన్‌లో దొరికింది. పక్షులు అద్భుతంగా ఉన్నాయి. ఇంగ్లీషు గొంతు ఒకటి వెనక నుంచి, ఇవి సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన అతిథులని చెబుతోంది. ఇరవై నిమిషాల్లో ఒక్క ఇల్లు కనబడదు, ఒక్క మనిషి కనబడడు. అమ్మమ్మ ఆ సినిమా చూడకుండానే పోయింది. ఊళ్లో ఇంకెవరూ చూడలేదు. ఎవరూ చూపించలేదు.

సైబీరియా మాట చిన్న పొరపాటని వదిలెయ్యడానికి నాకు మనసొప్పదు. మన ప్రాంతంలో అందరం ఆ మాటే అంటాం, బళ్లో మాకు మేష్టార్లు కూడా అదే చెప్పారు. కానీ ఒక్క నిమిషం ఆలోచిస్తే తేలిపోతుంది. ఉత్తరాదిన చలికి తాళలేక మన దగ్గరికి వచ్చే పక్షులు ఇక్కడ గూడు కట్టవు. వాటి పిల్లలు అక్కడే పుడతాయి, ఇక్కడ తిని, బలం పుంజుకుని మళ్లీ వెళ్తాయి. గూడబాతు అలాంటిది కాదు. దక్షిణ భారతం, శ్రీలంక, కంబోడియా ప్రాంతాల్లో గూళ్లు పెట్టుకునే పక్షి అది. ఎర్రకాళ్ల కొంగ కూడా ఈ వైపు పక్షే. తేలినీలాపురం చింతచెట్టు మీద గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లకి తేలినీలాపురమే పుట్టిల్లు. మైకు ముందు కూర్చున్న పెద్దమనిషి తప్పు చెప్పాడు. చదువురాని మా అమ్మమ్మ సరిగ్గా చెప్పింది.

అప్పటి నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. జంతువుల్ని, అడవుల్ని, అంతరించిపోతున్న ఆచారాల్ని కాపాడాలని తీసే సినిమాలు నాకు ప్రాణం. దొరికినవన్నీ చూస్తాను. కానీ ఆ ప్రాణిని చంపడమో బతికించడమో ఎవరి చేతిలో ఉందో, వాళ్ల ముందు, వాళ్ల మాటలో ఆడని సినిమా ఎంత గొప్పదైనా సగం పనే చేస్తుంది. ఒక్కోసారి చెరుపు కూడా చేస్తుంది. మొదటి ఆట ఢిల్లీలో కాదు, ఊళ్లో పడాలి.

చెరుపు చెయ్యడం నా కళ్లతో చూశాను. మూడేళ్ల కిందట నేనూ ఇద్దరు స్నేహితులూ గార మండలంలో ఒక మత్స్యకార గ్రామానికి ప్రొజెక్టర్ పట్టుకుని వెళ్లాం. సముద్రపు తాబేళ్ల మీద, అవే ఆలివ్ రిడ్లీల మీద తీసిన ఇంగ్లీషు డాక్యుమెంటరీ చూపిద్దామని మా ఉత్సాహం. శ్రీకూర్మం అక్కడికి ఎంతో దూరం లేదు. కూర్మనాథుడి గుడి ఉన్న నేల మీద తాబేలు సినిమాకి జనం రాకుండా ఎలా ఉంటారనుకున్నాం. నిజంగానే వచ్చారు. రెండు వెదుర్లు పాతి, తెల్ల దుప్పటి కట్టాం. గాలికి దుప్పటి తెరచాపలా ఉబ్బుతుంటే కుర్రాళ్లు వలకి కట్టే సీసపు గుళ్లు తెచ్చి అంచులకి కట్టారు. పిల్లలు ముందు ఇసుకలో కూర్చున్నారు, ఆడవాళ్లు పక్కన, మగవాళ్లు వెనకాల బీడీలు కాలుస్తూ నిలబడ్డారు.

పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత తెరమీద చచ్చిన తాబేళ్లు, వరసగా, ఉబ్బిపోయి, కళ్లు పీక్కుపోయి. వెంటనే పడవలు, వలలు, నల్లటి మనుషుల చేతులు. సంగీతం మారిపోయింది. మాటలు అర్థం కాకపోయినా ఆ సంగీతం ఎవరిని ఏమంటోందో అందరికీ అర్థమైంది. వెనక నుంచి ఒక గొంతు లేచింది. "మమ్మల్నే దొంగల్ని సేసీసినార్రా." అంతే, మగవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం మొదలెట్టారు.

నేను సినిమా ఆపేశాను. ఒక పెద్దాయన వెళ్లకుండా నిలబడి ఉంటే దగ్గరికెళ్లి క్షమించమన్నాను. ఆయన కోపంగా ఏమీ అనలేదు. "మాది తెప్ప బాబూ. వలలో తాబేలు పడితే బొట్టెట్టి వదిలేస్తాం, అది సామి. సచ్చినవి ఎక్కడ సచ్చినాయో ఆ సినిమావోడికి తెలీదేటి?" అన్నాడు.

ఆ మాటలో ఉన్నది ఆ సినిమాలో లేదు. తాబేలు నీళ్లలో బతికినా ఊపిరి గాలినే పీలుస్తుంది. పైకి తేలకపోతే చచ్చిపోతుంది. చేత్తో లాగే వలలో పడిన తాబేలు కాసేపట్లో బయటికొచ్చేస్తుంది. ట్రాలర్ వల అలా కాదు, మర లాగుతుంటే గంటల తరబడి నీటి అడుగునే పోతుంది. అందులో పడిన తాబేలు ఊపిరాడక చస్తుంది. దీనికి మందు లేకపోలేదు. వల గొంతులో ఇనపచువ్వల చట్రం ఒకటి బిగించి పైన కంత పెడితే చేప లోపలికి పోతుంది, తాబేలు చువ్వలకి తగిలి కంతలోంచి బయటపడుతుంది. బిగిస్తే చేప కూడా కొంత పోతుందని బోటు యజమానుల బాధ. ఇక కాలం సంగతి. మన రాష్ట్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తాబేళ్లు గుడ్లకి ఒడ్డెక్కేది జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా. మరబోట్లు ఆగేసరికి తాబేళ్ల పని దాదాపు అయిపోతుంది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అడుగుపెడితే రుషికుల్య, దేవి, ధమ్రా నదీముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఒకే తాబేలు, ఒకే సముద్రం, రెండు రాష్ట్రాలు, రెండు లెక్కలు. ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే ఆ రాత్రి ఒక్కరు కూడా లేచి వెళ్లేవారు కాదు. పైగా వాళ్లే ముందుకొచ్చి ఇంకా చెప్పేవారు.

చెప్పారు కూడా. సామాన్లు సర్దుతుంటే నలభై ఏళ్లాయన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పదకొండేళ్లు గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనిచేసి వచ్చాడు. మన జిల్లాలవాళ్లు అంతదూరం వెళ్లడం కొత్త కాదు. 2018లో అక్కడ వేటకెళ్లి పాకిస్తాన్‌వాళ్లకి చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. 2025లో వచ్చిన తండేల్ సినిమాకి ఆ సంఘటనే ఆధారం. ఈయన చెప్పిన కథ వేరే. "అక్కడ ఒక సొర ఉంటాది. మన బోటంత ఉంటాది. ఒళ్లంతా సుక్కలు. వల్లో పడితే సేటు వల కోసీమంటాడు. ఫొటో తీసి సూపిస్తే గవుర్మెంటు వల డబ్బులిస్తాది. దాన్ని వాళ్లు వాలీ అంతారు. కూతురంట. పురిటికి పుట్టింటికొచ్చిందంట."

ఇసుకలో కూర్చున్న నాకు ఒళ్లు జలదరించింది. మా అమ్మమ్మ మాట అరేబియా సముద్రం ఒడ్డున ఎలా దొరికింది?

ఆ సొర పేరు తిమింగల సొర, ఇంగ్లీషులో వేల్ షార్క్. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, నలభై అడుగుల దాకా పెరుగుతుంది. తినేది మాత్రం నీళ్లలో తేలే సన్నటి జీవాల్ని, చిన్నచేపల్ని. మనిషిని ఏమీ చెయ్యదు. గుజరాత్ తీరంలో దాని కాలేయం నూనెని పడవలకి పూసేవారు, మాంసం విదేశాలకి వెళ్లేది. కొక్కేలకి పీపాలు కట్టి పట్టేవారు కాబట్టి అక్కడ దానికి బ్యారెల్ అనే పేరు. ఆ వేటని మైక్ పాండే అనే దర్శకుడు చిత్రీకరించాడు. షోర్స్ ఆఫ్ సైలెన్స్ అనే ఆ సినిమాకి 2000లో, వన్యప్రాణి సినిమాలకి ఇచ్చే గ్రీన్ ఆస్కార్ వచ్చింది. 2001లో కేంద్రం తిమింగల సొరని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికంటే గట్టి కాపు ఉన్న జాబితాలో చేర్చింది. మన దేశంలో ఆ చట్టం కాపు పొందిన మొదటి చేప అదే. సినిమా వల్ల ఏమవుతుందని అడిగేవాళ్లకి ఇంతకంటే పెద్ద జవాబు మన దేశంలో నాకు తెలియదు.

కానీ చట్టం వచ్చిన మర్నాడే సముద్రంలో ఎవరూ వల కొయ్యలేదు. కొయ్యడానికి ఇంకో పని జరగాల్సి వచ్చింది. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అక్కడి అటవీశాఖ కలిసి ఊరూరా తిరిగారు. గుజరాతీలో వీధి నాటకాలు ఆడారు. గాలి నింపిన నిలువెత్తు బొమ్మ సొరని వెంట తిప్పారు. ప్రవచనాలు చెప్పే మొరారీ బాపు, ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల లాంటిదన్నాడు. బ్యారెల్ పోయి వాలీ అయింది, వాలీ అంటే ముద్దులబిడ్డ. కోసిన వలకి పరిహారం ఇచ్చారు. ఇప్పటికి వందల సొరలు అలా వలలు కోయించుకుని బయటపడ్డాయి. శ్రీకాకుళం కుర్రాడు కూడా అక్కడికెళ్లి, ఆ సినిమా పేరే వినకుండా, ఆ పని నేర్చుకున్నాడు. సినిమా ఢిల్లీని కదిపింది. ఒడ్డుని కదిపింది పుట్టిల్లు అనే మాట, దాని వెనక వల డబ్బులు. రెండింట్లో ఏది లేకపోయినా ఆ సొర బతికేది కాదని నా నమ్మకం.

ఢిల్లీకో, పట్నానికో చూపించే సినిమాలు వద్దని కాదు నా వాదన. కొన్నిసార్లు కత్తి నిజంగా వాళ్ల చేతిలోనే ఉంటుంది. అమెరికాలో 2013లో, తొట్లలో బంధించిన ఓర్కా తిమింగలాల మీద బ్లాక్‌ఫిష్ అనే డాక్యుమెంటరీ వచ్చాక, టిక్కెట్లు కొని వాటి విన్యాసాలు చూసే జనమే ముఖం తిప్పుకున్నారు. 2016లో ఆ ప్రదర్శనలు నడిపే సీవరల్డ్ సంస్థ తమ దగ్గర ఓర్కాల సంతానోత్పత్తి ఆపేస్తున్నామని ప్రకటించింది. అక్కడ చూడాల్సినవాళ్లే చూశారు, కాబట్టి పని జరిగింది. మన తాబేలు సంగతిలో చూడాల్సింది బోటు యజమాని, బోటు మీద కూలి, వేట నిషేధం తేదీలు రాసే అధికారి. వాళ్ల కోసం తీసిన సినిమా నాకు ఇంతవరకు దొరకలేదు.

2023 మార్చిలో ది ఎలిఫెంట్ విస్పరర్స్‌కి ఆస్కార్ వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం టీవీ ముందు చప్పట్లు కొట్టాం. ముదుమలైలో తల్లిని పోగొట్టుకున్న గున్న ఏనుగుని సాకిన బొమ్మన్, బెళ్లి దంపతుల కథ అది. అందులో మనుషులున్నారు, ఇల్లుంది, దండెం మీద బట్టలున్నాయి. అందుకే నాకు అది మిగతావాటికంటే మెరుగని అనిపిస్తుంది. సరిగ్గా రెండు నెలలకి, మే నెలలో, మన భామిని మండలంలో కరెంటు తీగ తగిలి నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. ఒడిశా కొండల నుంచి దిగి వచ్చే ఏనుగులతో అక్కడివాళ్లు పదిహేనేళ్లకు పైగా అవస్థ పడుతున్నారు. వరి పోయింది, అరటి పోయింది, మనుషులూ పోయారు. ఏనుగు కంట్లో నీళ్లు చూపించే సినిమాని తీసుకెళ్లి పంట తొక్కించుకున్న రైతు ముందు వేస్తే ఆయన ఏమనుకుంటాడు? ఆయన కంట్లో నీళ్లు కూడా అదే సినిమాలో ఉండాలి. అప్పుడు గానీ తర్వాతి మాట వినడు. ఉద్దానంలో జీడితోటల్లోకి, పనసచెట్ల కిందికి వచ్చే ఎలుగుబంట్ల కథా ఇంతే.

మనుషుల సంస్కృతి మీద తీసే సినిమాల దగ్గరికొస్తే ఈ బాధ ఇంకా ఎక్కువ. సీతంపేట ఏజెన్సీలో సవర టీచరు ఒకాయన నాకు స్నేహితుడు. వాళ్ల ఊరికి కెమెరాలతో వచ్చినవాళ్లు కుర్రాళ్లని చొక్కాలు విప్పమన్నారట, మోటారు సైకిల్ ఇంటి వెనక్కి తోయమన్నారట, గోడబొమ్మల పక్కనున్న స్విచ్‌బోర్డుని ఆకులతో కప్పారట. 1922లో విడుదలైన నానూక్ ఆఫ్ ది నార్త్ అనే డాక్యుమెంటరీ తీసినప్పుడు, అప్పటికే తుపాకులతో వేటాడుతున్న కెనడా మంచుప్రాంతపు ఇన్యూట్ మనుషుల చేత కెమెరా కోసం ఈటెలు పట్టించారు. అందులో నానూక్‌గా కనబడే మనిషి అసలు పేరు కూడా నానూక్ కాదు. వందేళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు. చొక్కా వేసుకున్న సవర కుర్రాడు, ఫోన్‌లో సవర పాట వింటున్న కుర్రాడు, వాడు కదా ఆ సంస్కృతిని ఇప్పుడు మోస్తున్నది? వాణ్ని ఫ్రేములోంచి తోసేసి ఇంకెవర్ని కాపాడతారు?

పైగా ఆ సినిమాలో ఒక్క సవర మాట వినబడదు. వ్యాఖ్యానం తెలుగులోనో ఇంగ్లీషులోనో నడుస్తుంది, సవరలు నవ్వుతూ, ఆడుతూ, మూగవాళ్లలా కనిపిస్తారు. సవర భాష మన తెలుగుకి చుట్టం కాదు, ముండా కుటుంబం భాష. 1936లో దానికి సొంత లిపి కూడా తయారైంది. ఆ భాష విలువ తెలిసిన పెద్దమనిషి మన జిల్లాలోనే పుట్టాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, కొండలెక్కి సవర నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించాడు. కొండజ్వరానికి మింగిన క్వినైన్ ఆయన చెవుల్ని తినేసింది. ఒక భాషని వినడానికి వెళ్లి వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. సవర మాట ఎవరూ ఎత్తరు. సవరల మీద సినిమా తీసేవాళ్లు ముందు సవరలో ఒక గంట మాట్లాడగలిగే మనిషిని మైకు దగ్గర కూర్చోబెట్టాలి. కింద తెలుగు అక్షరాలు మనం చదువుకుందాం, మనకి చదువొచ్చు కదా.

ఇంకో సంగతి. సోంపేట బీల, కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలల కోసం, థర్మల్ ప్లాంట్లు వద్దని జనం నిలబడ్డారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మా అమ్మమ్మ ఊరి పక్షులు మేతకి పోయేది ఆ తంపరల వైపే. ప్రాణాలిచ్చినవాళ్లు పెలికాన్ మీద డాక్యుమెంటరీలు చూసి వెళ్లలేదు. నీళ్లు, చేపలు, పచ్చిక పోతాయని వెళ్లారు. పక్షిని కాపాడేవాళ్లు పక్షి పేరు ఎత్తకపోవచ్చు. వాళ్లని కూడా వన్యప్రాణి సినిమాలో చూడాలని నాకు కోరిక.

మొన్న ఫిబ్రవరిలో మళ్లీ ఆ గార మండలం ఊరికే వెళ్లాం. ఈసారి సినిమా తీసుకెళ్లలేదు, తియ్యడానికి వెళ్లాం. రెండు ఫోన్లు, ఒక చిన్న మైకు. వేరావల్ వెళ్లొచ్చినాయనే మాటలు చెబుతానన్నాడు. రాయడం వద్దు, చూస్తూ చెప్పేస్తానన్నాడు. తెల్లవారుజామున మూడున్నరకి ఒడ్డున తాబేలు నడిచిన జాడ దొరికింది, ట్రాక్టరు టైరు పోయినట్టు రెండువైపులా గీతలు. గుడ్లు కాపలా కాసే కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని చేత్తో ఇసుక తీశాడు. నూట పద్దెనిమిది గుడ్లు, ఒక్కొక్కటీ లెక్కపెట్టి, కిందా పైనా తిరగబడకుండా బక్కెట్లో ఇసుక పరిచి పేర్చాడు. మా మైకాయన గుసగుసగా చెబుతున్నాడు. "ఇసుక ఏడిగా ఉంటే ఆడపిల్లలంట, సల్లగా ఉంటే మగపిల్లలంట. నెలన్నరకో రెన్నెల్లకో బయటికొస్తాయి. ఇదుగో, ఈ గుంటడి సేతిలో ఉన్నాయి సూడండి."

ఆ గుడ్లు పాతిపెట్టి పిల్లలయ్యేదాకా కాపాడే హేచరీ కంచె పక్కనే ఒక ఇల్లుంది. వెలుగు రావడంతో కెమెరా అటు తిప్పాను. కంచె, దాని వెనక సముద్రం, మధ్యలో ఆ ఇంటి దండెం మీద నాలుగు చీరలు, ఒక లుంగీ, పిల్లాడి బడి నిక్కరు గాలికి ఊగుతున్నాయి. ఇంటావిడ పరుగున వచ్చింది.

"అడ్డొస్తన్నాయి కదా, తీసీమంతావేటి బాబూ?"

"వద్దమ్మా, ఉండనీ" అన్నాను.